చస్తే కోటి, బతికితే కేజీహెచ్

అనకాపల్లి జిల్లాలో ఒకేసారి పదుల మంది కాలిపోతే ఏం చేయాలో ప్రభుత్వం దగ్గర ప్రణాళిక లేదని ఎవరైనా అంటే నమ్మకండి. ఉంది. పైసలతో సహా ఉంది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఎసెన్షియా కంపెనీలో మధ్యాహ్న భోజనాల వేళ ద్రావకం ఆవిరి అంటుకుని పేలింది. 17 మంది పోయారు, ముప్పై మందికి పైగా గాయపడ్డారు. మర్నాటికల్లా రేట్లు ఖరారు: చనిపోతే కోటి, గట్టిగా గాయపడితే 50 లక్షలు, కొద్దిపాటి గాయమైతే 25 లక్షలు. ఎనిమిది నెలలు తిరక్కుండానే, 2025 ఏప్రిల్ 13న, కోటవురట్ల మండలం కైలాసపట్నంలో బాణసంచా కేంద్రం పేలి 8 మంది పోయారు. ఈసారి ప్రాణం ఖరీదు 15 లక్షలకు దిగింది. మందుల కంపెనీలో కాలిన ఒంటికీ, టపాకాయల షెడ్డులో కాలిన ఒంటికీ తేడా అగ్నిదేవుడికి తెలీదు. మన ఖజానాకి తెలుసు.

ఈ ప్రణాళికలో మా కశింకోటకీ ఒక బాధ్యత ఉంది: దారిలో ఉండటం. నర్సీపట్నం నుంచి తాళ్లపాలెం దగ్గర హైవే ఎక్కినా, యలమంచిలి నుంచి తిన్నగా వచ్చినా, విశాఖ పోవాలంటే మమ్మల్ని దాటాల్సిందే. సైరన్ వినపడగానే టీ కొట్టు దగ్గర “మళ్లీ ఏటి పేలిందిరా?” అంటారు. ఎక్కడికి తీసుకుపోతున్నారని మాత్రం ఎవరూ అడగరు. ఇంకెక్కడికి, విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రికి, అదే కేజీహెచ్‌కే. అక్కడి డాక్టర్లు చేతనైనదంతా చేస్తారు, వాళ్లని అనడానికేం లేదు. కానీ మూడు నాలుగు మండలాల నిండా రియాక్టర్లు పెట్టుకుని, కాలినవాళ్లకి ఒక ఆసుపత్రి పేరు చెప్పి ఊరుకుంటే దాన్ని ప్లాను అనరు, అడ్రసు అంటారు.

కాగితాల మాటకొస్తే మనల్ని మించినవాడు లేడు. ప్రమాదకర రసాయనాలపై 1989 నాటి నిబంధనలున్నాయి. పెద్ద ప్రమాదం పొంచి ఉన్న ఫ్యాక్టరీలో, గోడ లోపలి ప్లాను యాజమాన్యానిది, ఆర్నెల్లకోసారి మాక్‌డ్రిల్ చేయాలి. గోడ బయటి ప్లాను జిల్లా యంత్రాంగానిది, ఏడాదికోసారి రిహార్సల్ చేయాలి. 1996 నిబంధనలు కలెక్టర్ అధ్యక్షతన ఒక సంక్షోభ బృందాన్ని పెట్టి, 45 రోజులకోసారి కూర్చోమన్నాయి. మూకుమ్మడిగా గాయపడినవాళ్ల వైద్యానికి ఎలా సిద్ధపడాలో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2007లోనే మార్గదర్శకాలు అచ్చేసింది. ఇన్ని కాగితాలు పేర్చిన చోట నిప్పు అంటుకోవడంలో వింతేముంది?

కాలిన ఒంటికి కావలసింది నీళ్లు, అవీ నరంలోకి. డాక్టర్లకి పార్క్‌లాండ్ సూత్రమని ఒక లెక్క ఉంది: బరువులో ప్రతి కిలోకి, కాలిన చర్మంలో ప్రతి ఒక్క శాతానికి 4 మిల్లీలీటర్లు. అరవై కిలోల కుర్రాడికి సగం ఒళ్లు కాలితే మొదటి 24 గంటల్లో 12 లీటర్లు ఎక్కించాలి, అందులో సగం మొదటి ఎనిమిది గంటల్లోనే. ఆ ఎనిమిది గంటలు ఓపీ చీటీ రాసినప్పుడు మొదలవ్వవు, ఒళ్లు కాలిన క్షణాన మొదలవుతాయి. ట్రాఫిక్‌లో పోయిన గంటన్నర కూడా వాడి ఖాతాలోదే. అలాంటివాళ్లు ముప్పై మంది వస్తే ఎనిమిది గంటల్లో అర లీటరు సీసాలు 360 కావాలి. పొగ మింగినవాడి గొంతు వాచి మూసుకుపోకముందే గొట్టం వేసే చెయ్యి కావాలి. మన చుట్టుపక్కల ఆరోగ్య కేంద్రాల బీరువాల్లో ఎన్ని సీసాలున్నాయో సంక్షోభ బృందం ఎప్పుడైనా లెక్కపెట్టిందా? నష్టపరిహారం చెక్కు రాయడానికి పట్టే తొందరలో పదో వంతు చాలు ఆ లెక్కకి.

కాలిన చావుకి ఇంకో మర్యాద ఉంది. అది మంత్రిగారి పరామర్శ అయ్యేదాకా ఆగుతుంది. 2023 జూన్ 30న అచ్యుతాపురంలోనే సాహితీ ఫార్మాలో పేలుడు జరిగిన రోజు మృతులు ఇద్దరే, తర్వాతి రోజుల్లో ఆసుపత్రిలో ఆ సంఖ్య పెరుగుతూ పోయింది. ఎసెన్షియా ప్రమాదం జరిగిన రెండు రోజులకే పరవాడ సినర్జిన్ కంపెనీలో నలుగురు కాలారు. అక్కడా మరణవార్తలు తర్వాతే వచ్చాయి. ఇన్‌ఫెక్షన్ చంపేనాటికి కెమెరాలు ఇంకో ఊళ్లో ఉంటాయి. ఎసెన్షియా బాధితులకు అంబులెన్సులు కూడా లేవని జగన్ గారు మండిపడ్డారు. సాహితీ పేలినప్పుడు ముఖ్యమంత్రి కుర్చీలో ఉన్నది వారే. ఇప్పుడు చంద్రబాబు గారు ఉన్నారు. కుర్చీ ఎవరిదైనా రోగి దారి మాత్రం మారలేదు.

పోనీ, ఎక్కడా సాధ్యం కాని పనా? 2015 జూన్ 27న తైవాన్‌లో ఒక వాటర్‌పార్కులో రంగుల పొడి అంటుకుని దాదాపు 500 మంది కాలిపోయారు. చనిపోయినవాళ్లు 15 మంది. క్షతగాత్రుల్ని ఒక్క ఆసుపత్రి మీద కుమ్మరించకుండా పదుల ఆసుపత్రులకు పంచారు, విదేశాల నుంచి దాతల చర్మం తెప్పించారు. అదే ఏడాది అక్టోబరు 30న రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో ఒక క్లబ్బు కాలింది. అన్నీ సిద్ధంగా ఉన్నాయని సర్కారు వారు ధీమాగా చెప్పారు. పోయిన 64 మందిలో సగానికి పైగా ఆసుపత్రుల్లోనే పోయారు. మనం ఏ దేశం నుంచి పాఠం నేర్చుకున్నామో వేరే చెప్పాలా?

2025 జనవరి 8న నక్కపల్లి బల్క్ డ్రగ్ పార్కుకి ప్రధాని శంకుస్థాపన చేశారు. ఉద్యోగాలు రానివ్వండి, సంతోషమే. రియాక్టర్లకి ఎకరాలు కొలిచినట్టే కాలినవాళ్లకి మంచాలు కూడా కొలవమంటున్నాం. అనకాపల్లిలో ఎన్ని, విశాఖలో ఎన్ని, అవి నిండితే ఏ బండి ఏ ఊరికి పోవాలి, దాచిన చర్మం ఎక్కడుంది? ప్రమాదం తగిలే జనానికి ముందుగా సమాచారం ఇవ్వాలని ఆ 1989 నిబంధనల్లోనే ఉంది కాబట్టి, ఈ నాలుగు ముక్కలూ పంచాయతీ గోడ మీద రాయించండి.

రిహార్సల్ తేదీ కూడా చెప్పండి. కాలినోళ్ల వేషాలు మేమే కడతాం, ఖర్చు మీకొద్దు. డాక్టర్లు మాత్రం వేషగాళ్లు కాకుండా చూడండి.