ఏ కప్పు తల్లీ?

‘ఒక కప్పు అన్నం’ అని చార్టులో రాసిచ్చింది డైటీషియన్ అమ్మాయి. ఆ రోజు నుంచి నన్ను తినేస్తున్నది ఆ కప్పే.

బరువు ఎందుకు పెరిగింది, చుట్టాలు ఏమన్నారు, పాత జాకెట్లు ఎవరికిచ్చేశాను అన్నవి మీ ఇంట్లోనూ ఉన్న కథలే, వదిలేద్దాం. కప్పు సంగతి తేల్చండి. మా ఇంట్లో టీ కప్పులున్నాయి. పెళ్లిలో చదివించిన పింగాణీ కప్పులున్నాయి. మావాడికి పరుగుపందెంలో వచ్చిన కప్పు కూడా ఉంది, రెండు చెవులతో. వీటిలో కాస్త న్యాయంగా కనబడింది రైస్ కుక్కరుతో వచ్చిన ప్లాస్టిక్ కప్పు. దానికి పట్టేది 180 మిల్లీలీటర్లు. అది జపాన్ వాళ్ల పాత కొలత, కుక్కరుతోపాటు మన ఇంటికి కాపురానికొచ్చింది. అమెరికా వంటల వీడియోల్లో కప్పంటే దాదాపు 240. ఇంకొందరికి 250.

కప్పు తేలిందే అనుకుందాం. బియ్యమా, అన్నమా? కప్పు బియ్యం వండితే ఇంచుమించు మూడు కప్పుల అన్నం అవుతుంది. ఆశగా ఫోన్ చేశాను. “వండిన అన్నమే ఆంటీ” అంది.

మా అమ్మమ్మ కాలంలో ఈ గొడవ లేదు. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. అంతే. ఆవిడ ఇత్తడి సోల ఇప్పుడు మా షోకేసులో ప్లాస్టిక్ పూలు మోస్తోంది. పూలు పీకేసి, చింతపండుతో తోమి, దగ్గు మందు మూతతో నీళ్లు పోస్తూ దానికెన్ని పడతాయో కొలవడం మొదలుపెట్టాను. సగంలో ఉండగా అత్తయ్యగారు వచ్చారు.

“అది మీ కృష్ణా సోల. మా గోదావరి సోల పెద్దది.”

“కొలతంటే కొలతే కదా అత్తయ్యగారూ!”

“మాకు పెట్టే చెయ్యి పెద్దదమ్మా, కొలతా పెద్దదే.”

ఆ పూటంతా ఇంట్లో మాటల్లేవు. ఎన్ని మూతలు పోశానో లెక్క కూడా పోయింది.

చివరికి ఆన్‌లైన్‌లో డిజిటల్ త్రాసు తెప్పించి 150 గ్రాముల అన్నం తూచాను. కేలరీల లెక్కలో అది 200 దగ్గర. కంచంలో చూస్తే మాత్రం తద్దినంనాడు కాకికి పెట్టే ముద్దలా ఉంది. మిగతా కంచంలో కూరలు పెట్టుకోమంది. కంచంలో సగం కూరగాయలూ పళ్లూ ఉండాలని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కూడా చెబుతోంది. ఉండాల్సిందే, కాదనను. ఉస్మానియా రోడ్ల మీద రోజూ పొద్దున్నే గంటసేపు నడుస్తున్నాను కూడా. అయినా ముల్లు కదలదు.

ఎందుకు కదలదో నాకు తెలుసు. చార్టులో పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా గళ్లు గీసింది. నేను అసలు తినే వేళకి మాత్రం గడి లేదు. అందరూ చేతులు కడుక్కున్నాక వస్తుంది అది. మావాడు అంచులు వదిలేసిన దోసె. గిన్నె అడుగున పప్పు, ఫ్రిజ్‌లో పెట్టడానికి తక్కువ, పారేయడానికి ఎక్కువ. నెయ్యి గిన్నెకి అంటుకున్నది చెంచాడే, కానీ ఆ చెంచాడే 45 కేలరీలు. “నువ్వెందుకు తినడం, పారెయ్” అంటారు మా ఆయన, సగం ఉప్మా కంచంలో వదిలేసి లేస్తూ.

“ఇంకేమైనా తింటున్నారా ఆంటీ?” అని ఆ అమ్మాయి అడుగుతుంది. ఏమీ లేదమ్మా అంటాను. నిలబడి తిన్నది ఏ ఇంట్లో లెక్కలోకి వచ్చింది గనక?

మా అమ్మ కంచం పెట్టుకుని కూర్చున్నట్టు నాకు గుర్తే లేదు. మిగిలిన అన్నంలో, ఆ గిన్నెలోనే ఇంత మజ్జిగ పోసుకుని తినేది. మిగిలినరోజు ఎక్కువ, మిగలనిరోజు లేదు. షుగరని తేలాక డాక్టరుగారు “రోజూ ఎంత తింటారమ్మా?” అని అడిగితే ఆవిడ మా వైపు చూసింది. మేం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. ఎవరికి ముద్దపప్పు ఇష్టమో, ఎవరికి మీగడ పడదో ఆవిడకి తెలుసు. ఆవిడ ఎంత తింటుందో మాలో ఒక్కరికీ తెలియదు.

చార్టు ఒక్క మనిషికి రాస్తారు, వంట ఇంటిల్లిపాదికీ చేయాలి. అందుకే ఈసారి డైటీషియన్ దగ్గరికి మా ఆయన్నీ మావాణ్ణీ కూడా లాక్కెళ్తున్నాను. వాళ్ల బరువుకేం, భేషుగ్గా ఉంది. ఫీజు మాత్రం ముగ్గురికీ కడతాను. ఆహారం గడిలో ‘పెట్టించుకున్నదంతా తినాలి’ అని రాయించాలి. వ్యాయామం గడిలో ‘తిన్న కంచాలు కడగడం, రెండు పూటలా’ అని.