మూడు వేలకు కాదు

ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టుల మీదికి ప్రభుత్వ అండతో నడిచిన సల్వాజుడుం కేసులో 2011 జూలై 5న సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పుడు నేను రాయవేలూరులో ఒక బట్టల కొట్లో లెక్కలు రాసేవాణ్ణి. జస్టిస్ సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్ ఇచ్చిన ఆ తీర్పు గురించి పేపర్లో చదివి, "నెలకు మూడు వేలిస్తే సొంతవాళ్ళ ఊళ్ళ మీదికే పోతారా?" అని అందరి ముందూ ఈసడించాను. ఐదో తరగతి చదివిన బస్తర్ పిల్లల చేతికి ఎస్పీవోలని (స్పెషల్ పోలీస్ ఆఫీసర్లని) పేరుపెట్టి తుపాకులిచ్చారు. అందులో అన్నల చేతిలో అయినవాళ్ళను పోగొట్టుకున్నవాళ్ళున్నారు, శిబిరాల్లో చిక్కి ఊరికి తిరిగిపోలేని వాళ్ళున్నారు, రేపు పక్కా పోలీసు ఉద్యోగం వస్తుందని ఆశపడ్డవాళ్ళున్నారు. అవేవీ నా బుర్రకెక్కలేదు.

2020 లాక్‌డౌన్‌లో కొట్టు మూతబడి మా ఊరు గుడియాత్తం వచ్చేశాను. పోలీసులు బందోబస్తుకు వలంటీర్లు కావాలన్నారు. పైసా ఇవ్వరు. అయినా అందరికంటే ముందు పేరిచ్చాను. ఒక టోపీ, ఒక ఈల. మగ్గాలు ఆగిపోయి వీధంతా పనిలేక కూర్చున్న రోజుల్లో నాకొక్కడికే పని దొరికింది. ఏనాడూ పలకరించనివాళ్ళు "సార్" అంటుంటే ఒళ్ళు తెలియలేదు.

ఒక మధ్యాహ్నం లుంగీలు నేసే ముసలాయన టీవీఎస్ బండి మీద వచ్చాడు. బండ్లు ఆపమన్నారు గానీ, తాళాలు లాక్కోమని నాకెవరూ చెప్పలేదు. లాక్కున్నాను. "ఏమప్పా, నేను మీ నాయన పక్క మగ్గమోణ్ణి గదా. మా ఇంటామెకు షుగరు మాత్రలు" అంటూ చీటీ చూపించాడు. చీటీ చదివాను. చదివి కూడా ఎండలో నిలబెట్టాను. నలుగురు చూస్తున్నారు మరి! చాలాసేపటికి గానీ తాళం ఇవ్వలేదు.

ఆ జూన్‌లోనే సాత్తాన్‌కుళంలో తండ్రీకొడుకులు జయరాజ్, బెన్నిక్స్ పోలీసు దెబ్బలకు చనిపోయారు. తమిళనాడంతా అట్టుడికింది. పోలీసులకు సాయంగా ఉండే వలంటీర్ల మీదా ఆరోపణలు రావడంతో, 1993లో రామనాథపురంలో మొదలైన వాళ్ళ సంస్థ ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్‌ను జూలైలో ప్రభుత్వం నిషేధించింది. ఆ వార్తలు చదువుతుంటే ముసలాయన చీటీ కళ్ళముందు ఆడింది. బస్తర్ కుర్రాళ్ళను నడిపించినవి పగ, భయం, ఆకలి. నాకు అందులో ఒక్కటీ లేదు. వాళ్ళ చేతిలో పెట్టిన తుపాకీ నా చేతిలో పెట్టి ఉంటే ఏం చేసేవాణ్ణో తలుచుకోవాలంటే ఇప్పటికీ భయమే.

మా ఊరి గంగమ్మ శిరసు జాతరకు జనాన్ని అదుపుచేయడానికి వీధి కుర్రాళ్ళు ఉత్సాహంగా వెళ్తుంటారు. వెళ్ళండనే అంటాను. మీరేం చేయచ్చు, ఏం చేయకూడదు, మీ మీద ఫిర్యాదు వస్తే ఎవరు వింటారు, ఇవన్నీ ముందే కాగితం మీద రాయించుకొమ్మంటాను.