నల్లమల దీవులకు ఓ ఎంపీ కావలెను

లక్షద్వీప్ నుంచి లోక్‌సభకు పోటీ చేసేవాళ్లంటే నాకు ఎప్పుడూ జాలే. దీవి దీవికీ పడవెక్కాలి. సముద్రం కోపగిస్తే ప్రచారం బంద్. అంత తిరిగితే అక్కడున్న ఓటర్లు, 2024 లెక్కలో, 57 వేల చిల్లర. అండమాన్ అభ్యర్థి బతుకు ఇంకా అన్యాయం. ఏడొందల కిలోమీటర్ల పొడవునా నీళ్లలో చెల్లాచెదురైన నియోజకవర్గం, పైగా పోర్ట్ బ్లెయిర్‌లో మన సిక్కోలు జనానికి తెలుగులో కూడా దండం పెట్టాలి. వీళ్లందరూ ఓసారి నంద్యాలకు వచ్చి శిక్షణ పొందాలని నా మనవి. సముద్రం ఊసే లేని చోట దీవులు ఎలా ఉంటాయో, పడవ ఎక్కకుండానే వాటికి ప్రతినిధిగా ఎలా వెలగవచ్చో ఇక్కడ తరాల నుంచి పాఠాలు నడుస్తున్నాయి. ఫీజు లేదు.

అసలు నంద్యాల పార్లమెంటు స్థానమే ఒకప్పుడు దీవి. 1977లో ఆంధ్రప్రదేశ్‌లో 42 సీట్లుంటే 41 కాంగ్రెస్ వరదలో మునిగాయి. తేలింది నంద్యాల ఒక్కటే, జనతా పార్టీ అభ్యర్థి నీలం సంజీవరెడ్డి పుణ్యమా అని. మార్చిలో గెలిచారు, ఆ నెల దాటకుండానే స్పీకర్ కుర్చీ ఎక్కారు, జులైలో రాష్ట్రపతి భవన్‌లో దిగారు. దండ వేసినవాళ్లు చేతులు తుడుచుకునేలోపే మా ఎంపీ దేశానికంతటికీ చెందిపోయారు. గర్వపడ్డాం. గర్వపడటం తప్ప చేయగలిగింది కూడా లేదు.

1991లో ఇంకో పెద్దాయన వచ్చారు. జూన్‌లో ప్రధాని అయ్యేనాటికి పి.వి. నరసింహారావు ఏ సభలోనూ సభ్యులు కారు. ఆరు నెలల్లో ఎక్కడో ఒకచోట గెలవాలి. గంగుల ప్రతాపరెడ్డి అప్పుడే గెలిచిన నంద్యాల సీటును ఖాళీ చేసి ఇచ్చారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ తన పార్టీ నుంచి ఎవర్నీ నిలబెట్టలేదు. బీజేపీ బంగారు లక్ష్మణ్‌ను దించింది. ఆయనకు 46 వేల ఓట్లు కూడా రాలేదు. పీవీ మెజారిటీ 5,80,297. ఆనాటికి రికార్డు. అంటే మేం ఒక్క ఉప ఎన్నికలో పది లక్షద్వీపుల్ని తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పోశాం. 1996లో ఆయన నంద్యాలలోనూ, ఒడిశాలోని బరంపురంలోనూ నిలబడి రెండు చోట్లా గెలిచారు. బరంపురాన్ని ఉంచుకుని నంద్యాలను వదిలేశారు. దేశానికి తలుపులు తెరిచిన మహానుభావుడే, కాదనను. మాకు చివరికి కనిపించింది మాత్రం ఆయన వీపు.

నంద్యాల అంటే రేవన్నమాట. పెద్దవాళ్లు ఇక్కడ ఎక్కుతారు, ఢిల్లీలో దిగుతారు. తిరుగు టికెట్టు కొన్న దాఖలా లేదు.

బయటివాళ్ల సంగతి అట్లుండనీ, మనవాడు అనుకున్న ఎస్పీవై రెడ్డి నంద్యాలలోనే ఫ్యాక్టరీ పెట్టి నంది పైపులతో పేరు తెచ్చుకున్నారు. 2014లో ఒక పార్టీ గుర్తు మీద ఎంపీగా గెలిచి, గులాలు కడుక్కునేలోపే రాష్ట్రంలో గెలిచిన రెండో పార్టీలోకి చేరిపోయారు. నీళ్లు ఎటు పారతాయో పైపుల వ్యాపారికి ఒకరు చెప్పాలా?

జనానికి అభిమానం తక్కువేమీ కాదు. అదే 2014లో ఆళ్లగడ్డ అసెంబ్లీ అభ్యర్థి శోభా నాగిరెడ్డి పోలింగుకు ముందే రోడ్డు ప్రమాదంలో చనిపోతే, ఓటర్లు ఆమె పేరు మీదే నొక్కి గెలిపించారు. చనిపోయినవాళ్లను కూడా మరువని జనం ఇది. బతికున్న నాయకుల జ్ఞాపకశక్తి గురించే నా బెంగ.

ఇక నిజంగా పడవ ఎక్కాల్సిన చోటు చూద్దాం. శ్రీశైలం జలాశయం వెనక నీళ్లు నందికొట్కూరు వైపు ఊళ్లను ముంచి, సంగమేశ్వరుడి గుడిని కూడా ముంచాయి. స్వామి ఏడాదిలో ఎక్కువ నెలలు నీటి అడుగున ఉండి, ఎండాకాలం నీరు తగ్గితే పైకి వచ్చి దర్శనమిస్తాడు. అవతలి గట్టు తెలంగాణ. చుట్టరికాలు, కూలి పనులు రెండు గట్లనా ఉన్నాయి గనక జనం పడవల్లోనే దాటుతారు. 2007 జనవరిలో నెహ్రూనగర్ దగ్గర అలాంటి పడవే మునిగి దాదాపు 60 మంది పోయారు. వంతెన వేస్తామన్నారు. పదిహేనేళ్లు ఆలోచించి 2022లో సోమశిల, సిద్ధేశ్వరం మధ్య 1,082 కోట్లతో తీగల వంతెనకు కేంద్రం ఆమోదం తెలిపింది. ఆ ప్రకటనలో అందర్నీ ఆకట్టుకున్న విశేషం, పర్యాటకులు నడవడానికి గాజుదారి. కింద ఏముందో స్పష్టంగా కనిపిస్తుందట.

నీళ్లు లేని దీవులు నల్లమలలో ఉన్నాయి. ఆత్మకూరు దాటి నాగలూటి మీదుగా శ్రీశైలానికి పోయే పాత కాలిబాటలో పెచ్చెర్వు అనే చెంచుగూడెం ఉంది. శివరాత్రికీ ఉగాదికీ వేలమంది భక్తులు, ఎక్కువగా కన్నడిగులు, మల్లన్నను తలుచుకుంటూ ఆ దారిన నడిచిపోతారు. ఆ నాలుగు రోజులూ ప్రభుత్వానికి పెచ్చెర్వు కనిపిస్తుంది. తాగునీరు వస్తుంది, వైద్య శిబిరం వస్తుంది. జాతర అయిపోగానే అవన్నీ మూటగట్టుకుని వెళ్లిపోతాయి. చెంచులు ఉండిపోతారు. తప్పు వాళ్లదే మరి, నడిచిపోకుండా అక్కడే కాపురం పెట్టారు.

రోడ్డు అడిగితే పులుల అభయారణ్యం అంటారు. పులి మీద నాకేమీ కక్ష లేదు. కానీ నాలుగేళ్లకోసారి పులిని లెక్కపెడతారు, ఐదేళ్లకోసారి చెంచును లెక్కపెడతారు. పులి చారలు చూసి దానికో నంబరిచ్చి, ఎక్కడ తిరిగిందో కెమెరాతో పట్టుకుంటారు. చెట్లెక్కి తేనె తీసి, గడ్డలు తవ్వి అరిగిపోయిన చెంచు వేలు రేషన్ మిషను మీద పెడితే నువ్వెవరో తెలీదు పొమ్మంటుంది. ఓటరుకు రెండు కిలోమీటర్లలోపు పోలింగ్ కేంద్రం ఉండాలని ఎన్నికల సంఘం నియమం. గుజరాత్‌లోని గిర్ అడవిలో ఒక్క ఓటరు కోసం కేంద్రం పెట్టిన దేశం మనది. కాన్పు నొప్పులొచ్చిన ఆడమనిషికి ఎన్ని కిలోమీటర్లలో డాక్టరమ్మ ఉండాలో ఇంత పట్టుదలగా చెప్పే సంఘం ఇంకా పుట్టలేదు.

ఈ దూరం ఎంతో రాజ్యానికి ఒక్కసారే తెలిసింది. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ ఈ అడవిలో తప్పిపోయినప్పుడు. యుద్ధ విమానాలు తిరిగాయి, ఉపగ్రహాలను అడిగారు, చెంచులనూ అడిగారు. జాడ దొరికింది మర్నాడు. పావురాలగుట్ట పేరు దేశం నేర్చుకుంది. ముఖ్యమంత్రికే ఒక రాత్రి పట్టిన చోట, మామూలు మనిషి ఆపదలో ఉంటే ఎన్ని రాత్రులు పడుతుందని ఆ తర్వాత ఎవరైనా అడిగారా? నేను వినలేదు.

అయితే ఈ నియోజకవర్గంలో ఏటా ఊళ్లు చుట్టే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. ఆళ్లగడ్డ పక్కన అహోబిలం నరసింహస్వామి. కనుమ నాడు పారువేటకు బయల్దేరతాడు. బోయీలు పల్లకి మోస్తుంటే నలభై రోజులకు పైగా, ముప్పై పైచిలుకు ఊళ్లు తిరుగుతాడు. ఆళ్లగడ్డ, రుద్రవరం ఏదీ వదలడు. ఊరూరా ‘తెలుపు’ అనే వేదిక మీద కూర్చుని తన బ్రహ్మోత్సవాలకు రమ్మని తానే పిలుస్తాడు. చెంచులక్ష్మిని పెళ్లాడాడు గనక చెంచులకు ఇంటల్లుడు. గెలిచాక కూడా ప్రచారం మానని అభ్యర్థి, అడవితో చుట్టరికం ఉన్న అభ్యర్థి, మనకు ఇంతకంటే ఎక్కడ దొరుకుతాడు? నామినేషన్ వేయిద్దామని ఆలోచించాను.

వయసు 25 దాటింది, ఇబ్బంది లేదు. లోక్‌సభకు స్థానికుడే కానక్కర్లేదని చట్టం. ఈయన స్థానికుడు, చట్టం క్షమించాలి. డిపాజిట్ 25 వేలు. గిరిజనులకైతే సగమే గానీ, భార్య గిరిజనురాలని అల్లుడికి రాయితీ ఇవ్వరు, పూర్తిగా కట్టాలి. అఫిడవిట్‌లో భార్య ఆస్తి రాయాలి. చెంచులక్ష్మికి పుట్టింటివారిచ్చింది అడవి, పట్టా మాత్రం లేదు. అటవీ హక్కుల చట్టం వచ్చింది 2006లోనే కదా, అంత తొందరపడితే ఎలా? నేర చరిత్ర గడిలో హిరణ్యకశిపుడి హత్య పెట్టాలి. పగలూ రాత్రీ కాని వేళ, ఇంటా బయటా కాని గడప మీద. ఎఫ్ఐఆర్ ఏ స్టేషన్ పరిధిలోకి వస్తుందో తేలక కేసు నిలిచిపోయిందని రాస్తే సరిపోతుంది. మా సీమలో ఆ గడి ఖాళీగా ఉంటేనే జనం అనుమానంగా చూస్తారు. ప్రచారంలో ఒక చిక్కుంది. దేవుడి పేరు, మతం పేరు చెప్పి ఓటడిగితే ఎన్నిక రద్దవుతుంది గనక స్వామి తన పేరు తాను చెప్పుకోకూడదు.

అన్నీ సర్దుకున్నాక పరిశీలనలో దొరికిపోయాం. అహోబిలంలో స్వామి ఒక్కడు కాదు, నవ నారసింహులు, తొమ్మిది చోట్ల కొలువు. ఒక అభ్యర్థి రెండుకు మించి స్థానాల్లో నిలబడరాదని చట్టం సవరించారు. ఎప్పుడంటారా? 1996లో, మా రేవు నుంచి ఆఖరి పెద్ద పడవ బరంపురం వైపు వెళ్లిపోయిన ఏడాదే. ఇప్పుడు ఏడుగురు తప్పుకోవాలి. ఎవరెవరు తప్పుకోవాలన్న దాని మీద ఎగువ అహోబిలంలో ఒక వాదం, దిగువ అహోబిలంలో ఇంకో వాదం, గ్రూపులు కూడా కట్టేశారు. అత్తింటివారు చెంచుల మాట మాత్రం ఒక్కటే: మిగతావాళ్ల సంగతి మీ ఇష్టం నాయనా, అడవి లోపల మైళ్ల కొద్దీ నడిచిపోతే గానీ కనబడని పావన నరసింహుణ్ణి, మా పాములేటి సామిని ఉంచండి. రోడ్డు లేకపోయినా ఇల్లు మార్చలేదు.