కోచ్‌ల కాలం

మా రోజుల్లో జట్టుకు కోచ్ ఎక్కడున్నాడండీ? 1983లో కపిల్‌దేవ్ కప్పు ఎత్తినప్పుడు జట్టు వెంట వెళ్లిన పెద్దదిక్కు మన హైదరాబాదీ పి.ఆర్. మాన్‌సింగ్ ఒక్కడే. ఆయన మేనేజరు. కోచ్ లేడు, ఫిజియో లేడు, డాక్టరూ లేడు. ఇప్పుడో? బ్యాటింగుకొకడు, బౌలింగుకొకడు, ఫీల్డింగుకొకడు, నెట్స్‌లో బంతులు విసిరిపెట్టడానికి మరికొందరు. ల్యాప్‌టాప్ ముందేసుకు కూర్చునేవాడు వేరే. ఆడేవాళ్లు పదకొండు మందే కదా, మరి ఈ పెళ్లివారి బస్సు దేనికో!

రాహుల్ ద్రావిడ్‌ను మాత్రం ఈ లెక్కలో కలపను. కోచింగ్ ఇచ్చే ముందు ఆ మనిషి ఆడి చూపించాడు. టెస్టుల్లో 31,258 బంతులు ఎదుర్కొన్నాడు, ఇంకెవరూ అన్ని ఆడలేదు. 2001లో కోల్‌కతాలో మన లక్ష్మణ్, ఆయనా కలిసి నాలుగో రోజంతా ఆస్ట్రేలియాకు ఒక్క వికెట్టూ ఇవ్వలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా! ఇప్పటి కుర్రాళ్లకు రెండు ఓవర్లు పరుగు రాకపోతే ఒళ్లంతా జెర్రులు పాకుతాయి.

2012లో ఆట మానేశాక తిన్నగా పెద్ద కుర్చీ ఎక్కలేదు. 2015లో అండర్-19, ఇండియా-ఎ పిల్లల దగ్గర మొదలుపెట్టాడు. 2018లో ఆ పిల్లలు ప్రపంచకప్ గెలిస్తే బోర్డు ఆయనకు 50 లక్షలు, సహాయకులకు తలా 20 లక్షలు ప్రకటించింది. అదేం పద్ధతి, అందరం ఒకేలా కష్టపడ్డాం అన్నాడు. చివరికి తలా 25 లక్షలు పంచారు. తన వాటా సగానికి కోయించుకున్న వాణ్ణి ఈ రోజుల్లో ఇంకొకణ్ణి చూపించండి!

2007 ప్రపంచకప్‌లో ఆయన కెప్టెన్‌గా ఉన్న జట్టు వెస్టిండీస్‌లో తొలి రౌండులోనే ఇంటిదారి పట్టింది. 2021లో సీనియర్ జట్టుకు కోచ్ అయ్యాడు. 2023లో అహ్మదాబాద్ ఫైనల్లో ఓటమి, అది తలుచుకోను లెండి. 2024 జూన్ 29న అదే కరేబియన్ గడ్డ మీద, బార్బడోస్‌లో, 7 పరుగులతో టీ20 కప్పు. కోహ్లి ఆ కప్పు తెచ్చి చేతిలో పెడితే, ఎప్పుడూ గొంతెత్తని మనిషి దాన్ని పైకెత్తి పిచ్చిపట్టినట్టు అరిచాడు.

ఇంత చెప్పాక మావాడేమన్నాడో తెలుసా? "ఎవరు తాతా, ఆ ఇందిరానగర్ గూండానా?" టెస్టుల్లో 13,288 పరుగులు చేసినవాడు వీడికి గుర్తుండిపోయింది యాడ్‌లో కారు అద్దం పగలగొట్టినందుకు!