ఎవరి సొత్తు?

తుమ్మలపల్లె యురేనియం మిల్లు నీళ్ల మీద ఊరివాళ్ల అనుమానాలు తీర్చడానికి ఒక అధికారి వచ్చారు. వేముల మండలంలో ఒక బడి ఆవరణ, షామియానా, మైకు. మైకు కీచుమనడం ఆగాక ఆయన విషయం విడమరిచారు. ఇక్కడి ఖనిజం సున్నపురాయిలో ఉంది గనక ఆమ్లం పనికిరాదు, సోడాతో కరిగిస్తారు. యురేనియం తీసుకున్నాక మిగిలిన బురద గొట్టాల్లో వ్యర్థాల చెరువుకు పోతుంది. పైకి తేరిన నీళ్లు మళ్లీ మిల్లుకే వస్తాయి. బయటికి చుక్క పోదు.

“చుక్క పోకుంటే మా బోరు నీళ్లలో యురేనియం యాడిది సార్?” వెనక వరసలోంచి ఒక అరటి రైతు లేచాడు. చేతిలో డ్రిప్పు పైపు ముక్క. దాని కన్నాల చుట్టూ తెల్లటి ఉప్పు పేరుకుని ఉంది. గోటితో గీకితే పొట్టులా రాలింది.

అధికారికి ఈ ప్రశ్న కొత్త కాదు. జవాబు కంఠతా ఉంది. “అది మిల్లుది కాదు పెద్దాయనా. ఈ నేల రాతిలోనే యురేనియం ఉంది. మీ తాతల నాటి నుంచీ కొంత నీళ్లలోకి దిగుతూనే ఉంటుంది. ప్రకృతి సహజం. ఎంత ఉండొచ్చో దానికి హద్దులున్నాయి.”

హద్దులంటే, లీటరు నీళ్లలో 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మన అణుశక్తి నియంత్రణ మండలి లెక్కలో అది 60. మనవాళ్ల కడుపులు గట్టివని కాబోలు.

రైతు కాసేపు ఆలోచించాడు. “మంచిమాట చెప్పినారు సార్. మిల్లుదైతే మీది, ఎత్తకపోండి అందామనుకున్న్యా. మా నేలదే అంటిరి గనక ఇంక మాదే. కిలో ఎంతకు కొంటారు?”

షామియానా అంతా గొల్లుమంది. అధికారి కూడా నవ్వబోయి, చేతిలో మైకు ఉందని గుర్తొచ్చి ముఖం బిగించారు. “అట్లా కుదరదు. అణుశక్తి చట్టం ఉంది. యురేనియం అమ్మడం సంగతి అటుంచండి, లైసెన్సు లేకుండా దగ్గర ఉంచుకోవడమే నేరం.”

రైతు పైపు ముక్క చంకలో పెట్టుకుని చేతులు కట్టుకున్నాడు.

“అయితే తప్పయిపాయ సార్. ఇంటిల్లిపాదీ ఏండ్లుగా తాగి కడుపులో పెట్టుకోనుండాం. ఆ లైసెన్సేందో మా చంటిదాంతో సహా అందరికీ రాసిచ్చి పోండి.”