గిట్టుబాటు

మిర్చి పట్టీ లెక్క వేసే చిన్న ప్రోగ్రాం రాశాను. టిక్కీలెన్ని, తూకమెంత, క్వింటా ధరెంత కొడితే కమీషనూ హమాలీ పోను రైతు చేతికొచ్చేదెంతో చూపిస్తుంది. రాయడం తేలిగ్గానే అయింది. బెంగళూరులో ఉన్న మా బావా నేనూ కలిసి దాని మీద పనిచేయడానికి మార్పుల చరిత్ర దాచే వెర్షన్ కంట్రోల్ పనిముట్లలో ఏది వాడాలన్న దగ్గరే పంచాయితీ మొదలైంది.

అంతవరకూ వాట్సాప్‌లో జిప్ ఫైళ్లు పంపుకునేవాళ్లం. నేను హమాలీ లెక్క సరిచేసేసరికి, బావ పాత ఫైల్లోనే తాలుకాయల ధర చేర్చి పంపేవాడు. తాలు వచ్చేది, హమాలీ ఎగిరిపోయేది.

బావ ఓటు సబ్‌వర్షన్‌కి. 2000లో మొదలైన పాతకాపు అది. చరిత్రంతా సర్వర్లోనే ఉంటుంది, నెట్ అందకపోతే మార్పు ఎక్కదు. మా పర్చూరులో గాలివానొస్తే ముందు కరెంటు పోతుంది, వెనకాలే నెట్టు.

"అయితే మెర్క్యూరియల్" అన్నాడు. బిట్‌కీపర్ అనే వెర్షన్ కంట్రోల్‌ను లినక్స్ వాళ్లకు ఉచితంగా ఇవ్వడం ఆపేశాక, 2005 ఏప్రిల్లో రోజుల తేడాతో పుట్టిన కవలలు గిట్, మెర్క్యూరియల్. రెంటిలోనూ మొత్తం చరిత్ర ఎవరి దగ్గర వాళ్లకుంటుంది. పత్తిచేలో కూర్చునైనా మార్పు నమోదు చేసుకోవచ్చు. మెర్క్యూరియల్ నెమ్మదైనది. లినస్ టోర్వాల్డ్స్ కన్న గిట్‌కు నోరెక్కువ. నాకోసారి 'డిటాచ్డ్ హెడ్', అంటే తల ఊడిందని, ప్రకటిస్తే తల తడుముకుని చూసుకున్నాను.

మా వాదన విని విని బాబాయి విసుక్కున్నాడు. "కాయలు గుంటూరు యార్డుకే ఎందుకు తోలతాంరా? కొనేవాళ్లంతా అక్కడుంటారని. మీవాళ్లంతా ఎక్కడున్నారో చూసుకోండి."

చూసుకున్నాం. 2008లో మెర్క్యూరియల్ ప్రాజెక్టులు ఉంచుకోవడానికే తెరిచిన బిట్‌బకెట్ సైటు కూడా 2020లో దాన్ని వదిలించుకుని గిట్‌తో కాపురం చేస్తోంది. జనమంతా గిట్ ప్రాజెక్టులు ఉంచే గిట్‌హబ్ సైట్లో ఉన్నారు. 2018లో మైక్రోసాఫ్ట్ 750 కోట్ల డాలర్లు పోసి దాన్ని కొన్నది ఆ జనాన్ని చూసే. నడిమధ్య సర్వరే అక్కర్లేని పనిముట్టు చేతికిస్తే, లోకమంతా దాన్ని పట్టుకెళ్లి ఒక్కచోటే సరుకు దించింది. మేమూ దించాం.

బాబాయికి తెర మీద చూపించాను. ఏ అంకె ఎవరు, ఎప్పుడు, ఎంత నుంచి ఎంతకు మార్చారో వరసగా ఉంది.

"పాతది చెరిపేసినా తెలుస్తుందా?"

"తెలుస్తుంది బాబాయ్."

కాసేపు ఆలోచించాడు. "మంచిదేరా. మన పట్టీలన్నీ ఇందులోనే పెట్టు. ఇంటి ఖర్చుల లెక్క మాత్రం వద్దు, మీ పిన్ని చూస్తుంది."