సమన్వయమూర్తి

ఆయనకి కంపెనీ ఇచ్చిన హోదా వేరే ఏదో ఉంది. అది ఆయన ఈమెయిలు అడుగున నాలుగు వరుసల్లో ఉంటుంది, ఎవరూ చదవరు. మాదాపూర్ ఐటీ ఆఫీసుల్లో అంతస్తుకొకడు చొప్పున దొరికే మనిషి కాబట్టి సమన్వయమూర్తి అన్న పేరు నేనే పెట్టుకున్నాను. మెడలో ట్యాగు, ఒక చేతిలో కాఫీ, ఇంకో చేతిలో సగం తెరిచిన ల్యాప్‌టాప్. పూర్తిగా మూస్తే ఖాళీగా ఉన్నాడనుకుంటారని ఆయన భయం.

పని కనబడగానే ఆయనకి మనుషులు గుర్తొస్తారు. "అందరినీ లూపులో పెడదాం" అంటాడు. సర్వర్ల వాళ్లు, యాప్ వాళ్లు, హెచ్చార్ నుంచి ఒకావిడ. పుణె నుంచి ఒకాయన కూడా చేరతాడు. ఎందుకు చేరాడో ఆయనకే తెలీదు, పాపం, మ్యూట్‌లో ఉంటాడు. మొత్తం 14 మంది. ఈ 14 మందీ ఒకరికొకరు విషయం చెప్పుకోవాలంటే 91 జతలు కూర్చోవాలి. సమన్వయమూర్తికి మాత్రం అక్కడ 14 మెదళ్లు కనిపిస్తాయి.

రింగెల్‌మాన్ అనే ఫ్రెంచి వ్యవసాయ ఇంజనీరు మనుషుల చేత తాడు లాగించి, ఆ లెక్కలు 1913లో అచ్చువేశాడు. 8 మంది కలిసి లాగినప్పుడు ఒక్కొక్కడి వాటా బలం, విడిగా లాగినప్పటి బలంలో సుమారు సగానికి దిగిపోయింది. గుంపులో గోవిందా కొట్టడం మనవాళ్లకి తాడు లేకుండానే వచ్చు. సమన్వయమూర్తి గోవిందా కొట్టడు. గుంపుని పోగుచేసి పెడతాడు, కొట్టేవాళ్లు కొడతారు.

ఒక శుక్రవారం వాళ్ల యాప్‌లో ఓటీపీలు ఆగిపోయాయి. కస్టమరు నంబరు కొడతాడు, మెసేజీ రాదు. పదిన్నరకల్లా కాన్ఫరెన్సు గది నిండిపోయింది.

"ఫ్రెండ్స్, ముందు మనమంతా సేమ్ పేజీలో ఉన్నామా?"

"ఏ పేజీ సార్?" అన్నాడు కొత్తగా చేరిన కుర్రాడు, నిజంగానే తెలియక.

సర్వర్ల వాళ్లు తమవైపు అంతా బాగుందన్నారు. యాప్ వాళ్లు తమవైపూ బాగుందన్నారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలు మాత్రం లేవు. గంటన్నర గడిచాక సమన్వయమూర్తి లేచి, బోర్డు మీద "ఓనర్‌షిప్: అందరూ" అని రాసి, కింద రెండు గీతలు కొట్టాడు.

టెస్టింగులో కాంట్రాక్టు మీద పనిచేసే అమ్మాయిని ఆ మీటింగుకి పిలవలేదు. కాబట్టి ఆమెకి తీరిక దొరికింది. మెసేజీల పాఠం రాసే కుర్రాడి సీటు దగ్గరకి వెళ్లింది.

"అన్నా, ఓటీపీ మెసేజీలో ఏమైనా మార్చావా?"

"నిన్న సాయంత్రం మార్చాను. మొదట్లో 'దయచేసి' చేర్చాను."

"మరి డీఎల్‌టీలో?"

"అయ్యో! అక్కడ కూడా మార్చాలా?"

మన దేశంలో కంపెనీలు పంపే ఎస్సెమ్మెస్‌ల పాఠాన్ని ముందుగా టెలికాం ఆపరేటర్ల డీఎల్‌టీ అనే వ్యవస్థలో నమోదు చేయించాలి. నమోదైనదానికీ పంపినదానికీ పొంతన కుదరకపోతే మెసేజీ దారిలోనే ఆగిపోతుంది, తేడా మర్యాద కోసం చేర్చిన ఒక్క మాటే అయినా సరే. ఆమె పాత పాఠం పెట్టించింది. తన ఫోనుకి ఓటీపీ వచ్చేదాకా అక్కడే నిలబడింది. చిన్న కాగితం మీద ఏం మారింది, ఇకముందు ఎవరు చూసుకోవాలి, ఎప్పటికల్లా చెయ్యాలి అన్నవి రాసి అతని మానిటరుకి అంటించింది. అంతా కలిపి అరగంట. అన్నట్టు, ఆ 'దయచేసి' చేర్చమన్నది సమన్వయమూర్తే, మెసేజీల భాష మీద తను పెట్టిన మూడో మీటింగులో.

ఆ కుర్రాడు "మార్చాను" అని వెంటనే అనగలగడం చిన్న విషయం కాదు. 14 మంది ముందు నిలబెట్టి అడిగితే అతనూ శ్రీవైష్ణవుడే అయ్యేవాడు. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రి నర్సుల బృందాలను పరిశీలించినప్పుడు, మంచివని తేలిన బృందాల్లోనే మందుల పొరపాట్లు ఎక్కువ నమోదయ్యాయి. మొదట ఆమెకే అర్థం కాలేదు. తర్వాత తెలిసిందేమంటే, ఆ బృందాల్లో పొరపాటు జరిగితే దాచకుండా చెప్పుకుంటున్నారు.

ఇక మీటింగుల సంగతికొస్తే, 1944లో అమెరికా గూఢచారి సంస్థ ఓఎస్సెస్ ఒక చిన్న పుస్తకం తయారుచేసింది. శత్రువు చేతిలో ఉన్న దేశాల్లోని మామూలు జనం అతని పనులు కుంటుపడేలా ఏమేం చెయ్యొచ్చో అందులో ఉంది. ఇంజన్లు పాడుచెయ్యడంతో పాటు ఆఫీసు విద్యలూ నేర్పారు. ప్రతి విషయాన్నీ కమిటీకి పంపాలి. కమిటీలో ఐదుగురికి తగ్గకూడదు. తీర్మానాల్లో మాటల గురించి పేచీ పెట్టాలి. పోయినసారి తేలిపోయినదాన్ని మళ్లీ తిరగదోడాలి. సమన్వయమూర్తి ఈ పుస్తకం చూసి ఉండడు. ఎవరూ నేర్పకుండానే, మంచి మనసుతో, నెలనెలా జీతం తీసుకుంటూ ఇవన్నీ చేస్తాడు.

మంచి మనసన్నది వెటకారం కాదు. ఆఫీసులో ఎవరికైనా ఆసుపత్రి ఖర్చు మీద పడితే చందా ఎత్తేది ఆయనే. అప్పుడు మీటింగు ఉండదు. ఒక తెల్లకాగితం తీసి పేర్లు, పక్కన అంకెలు, పైన "సాయంత్రం 5 లోపు" అని రాస్తాడు. మొదటి అంకె తనది. ఐదింటికి డబ్బు ఆ ఇంటికి చేరిపోతుంది. ఇంత చక్కగా పని నడిపించడం తెలిసిన మనిషి ఆఫీసు పనికొచ్చేసరికి ఎందుకు మర్చిపోతాడో నాకు అంతుబట్టదు.

ఆ శుక్రవారం మీటింగు నాలుగింటికి ముగిసింది. ఓటీపీలు ఎప్పుడో వచ్చేస్తున్నాయని ఎవరో చెప్పగానే ఆయన మొహం వెలిగిపోయింది. "చూశారా, టీంవర్క్ అంటే ఇదీ!" అన్నాడు. పుణె ఆయన మొదటిసారి మ్యూట్ తీసి "కరెక్ట్ సార్" అన్నాడు.

సమన్వయమూర్తి నుంచి మీకూ ఆహ్వానం వస్తుంది. వెళ్లేముందు, ఇందులో నా పని ఏమిటి, ఎప్పటికల్లా కావాలి అని అడగండి. జవాబు రాకపోతే నిర్భయంగా డిక్లైన్ నొక్కండి. ఆయన ఏమీ అనుకోడు. మీరు ఎందుకు రాలేదో మాట్లాడటానికి సోమవారం ఇంకో మీటింగు పెడతాడు, అంతే.